టర్బో కిట్టు బిగింపు, ట్యూనింగ్‌కు షాపు డబ్బంతా ముందే అడుగుతోంది, ఇవ్వవచ్చా?

ముందు ప్రశ్న క్లుప్తంగా. నల్లగొండలో ఉండే ఒక తమ్ముడి దగ్గర రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 ఉంది, 18 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆన్‌లైన్‌లో టర్బో కిట్టు తెప్పించుకున్నాడు; టర్బో అంటే ఎగ్జాస్ట్ పొగ తోపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నింపే పరికరం. హైదరాబాద్‌లో ఒక షాపు బిగింపు, ట్యూనింగ్ కలిపి 85 వేలు అడుగుతోంది. డబ్బంతా ముందే కట్టాలట, వారంలో బండి ఇచ్చేస్తారట. కట్టవచ్చా, ఆ ధర ఎక్కువా తక్కువా, కట్టే ముందు ఏమేం అడగాలి అని అడిగాడు.

తమ్ముడూ, డబ్బంతా ముందే కట్టవద్దు. బిగింపు ఒక పని; పెరిగిన గాలికి తగ్గట్టు పెట్రోలు లెక్క, ఇగ్నిషన్ లెక్క (ప్లగ్ ఎప్పుడు నిప్పు ఇవ్వాలన్నది) సరిచేసే ట్యూనింగ్ వేరే పని. రెండింటికీ విడివిడిగా ధర రాయించుకో, విడివిడిగానే కట్టు. ట్యూనింగ్ డబ్బు రీడింగులు నీ చేతికి వచ్చిన తర్వాతే ఇవ్వు. ఇంకొక మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ఆ బండిని మామూలు రోడ్డు మీద తిప్పాలన్నది నీ ఉద్దేశమైతే ఈ పని మొదలే పెట్టవద్దు. దానికి చట్టపరమైన కారణం ఉంది, కింద రాశాను.

నేను జడ్చర్లలో ఇంజిన్ రీబిల్డింగ్ పని చేస్తాను. బోరింగ్, హెడ్ పని, ఫ్యూయల్ ఇంజెక్షన్ ట్యూనింగ్. టర్బో బిగించిన బళ్లు బాగున్నప్పుడు నా దగ్గరికి రావు, దెబ్బతిన్న తర్వాత వస్తాయి. ఇంజిన్ విప్పి చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో పిస్టనే చెబుతుంది. నా దగ్గరికి వచ్చినవాటిలో చాలా వరకు బిగింపు శుభ్రంగానే ఉంది. వెల్డింగ్ చక్కగా ఉంది, పైపులు పద్ధతిగా పోయాయి. పెట్రోలు లెక్క, ఇగ్నిషన్ లెక్క మాత్రం ఎవరూ సరిగ్గా వేయలేదు.

ఆ లెక్క ఏమిటో నీకు తెలియాలి. తెలియకపోతే షాపువాళ్లు చెప్పింది నిజమో కాదో పట్టుకోలేవు.

టర్బో లేని బళ్లలో కంపెనీ పెట్టే ప్రెషర్ సెన్సర్ సాధారణంగా బయటి గాలి ఒత్తిడి వరకే కొలుస్తుంది. బూస్ట్, అంటే టర్బో ఒత్తే అదనపు గాలి, మొదలైన తర్వాత ఒత్తిడి ఎంత పెరిగినా ఆ సెన్సర్ చెప్పే అంకె ఒక్కచోటే ఆగిపోతుంది. అంటే లోపలికి ఎంత గాలి వస్తోందో ఈసీయూకు (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు) తెలియదు. ఇంకో చిక్కు ఉంది. చాలా బళ్లలో ఫ్యూయల్ పంపు సుమారు 3 బార్ల ఒత్తిడితో ఇంజెక్టర్‌కు పెట్రోలు పంపుతుంది. ఇన్‌టేక్‌లో (గాలి లోపలికి వెళ్లే దారిలో) అర బార్ బూస్ట్ నిలిస్తే, ఇంజెక్టర్ మూతి దగ్గర అది ఎదురుగా తోస్తుంది. మిగిలేది రెండున్నర బార్లే. ఆ లెక్కన పెట్రోలు సుమారు 9 శాతం తగ్గుతుంది. గాలేమో దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. గాలి పెరిగే క్షణంలోనే పెట్రోలు తగ్గుతోందన్నమాట. ఇది సరిచేయకుండా కిట్టు మాత్రమే బిగిస్తే పిస్టన్ పైభాగం కరగడానికి నాలుగు గట్టి పరుగులు కూడా అక్కర్లేదు.

సరిచేయడానికి దారులు మూడు. బూస్ట్‌తో పాటు పెరిగే ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టడం మొదటిది. కంపెనీ ఈసీయూ పక్కన ఇంకో చిన్న కంట్రోలర్ పెట్టి సిగ్నళ్లు మార్చడం రెండోది. పాత ఈసీయూ తీసేసి పూర్తిగా ప్రోగ్రామ్ చేయగలిగే ఈసీయూ, ఎక్కువ ఒత్తిడి కొలిచే సెన్సర్, పెద్ద ఇంజెక్టర్లు పెట్టడం మూడోది. నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. టర్బోకు మూడో దారే సరైనది. చవక కిట్లలో వచ్చేది మొదటి దారి. అందులో ఇగ్నిషన్ టైమింగ్‌ను ఎవరూ ముట్టుకోరు. టర్బోతో ఒక్కో పీఎస్ఐ (బార్ లాంటిదే ఇంకో ఒత్తిడి కొలత, 7 పీఎస్ఐ అంటే సుమారు అర బార్) బూస్ట్‌కు సుమారు ఒక డిగ్రీ చొప్పున టైమింగ్ వెనక్కి తీయడం, అంటే ప్లగ్ నిప్పును ఆలస్యం చేయడం, ట్యూనర్లు మొదలుపెట్టే లెక్క. దాన్ని అసలు మార్చలేని కిట్టుకు ట్యూనింగ్ చార్జీ తీసుకోవడంలో అర్థం లేదు. కాబట్టి షాపును అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ‘ఇగ్నిషన్ టైమింగ్‌ను దేనితో మారుస్తారు?’ తిన్నగా జవాబు రాకపోతే అక్కడితో వదిలేయి.

ఇప్పుడు కంప్రెషన్, అంటే పిస్టన్ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందన్న సంగతి. నీ ఇంజిన్ 648 సీసీ, సుమారు 47 హార్స్‌పవర్, కంప్రెషన్ 9.5:1. ఈ కాలపు బళ్లతో పోలిస్తే ఇది తక్కువే, ఆ విషయంలో నీ బండి నయం. అయినా ఒకటి గుర్తుపెట్టుకో. 1982లో హోండా సీఎక్స్500 టర్బో తెచ్చినప్పుడు, మామూలు సీఎక్స్500లో 10:1 ఉన్న కంప్రెషన్‌ను 7.2:1కి దించింది. 1984లో కవాసాకి 750 టర్బోను 7.8:1తో తెచ్చింది. అంత పెద్ద కంపెనీలు అంత దించి, పిస్టన్లు మార్చి, అప్పుడు టర్బో పెట్టాయి. నీకు కిట్టు అమ్మినవాళ్లు పిస్టన్లు ముట్టుకోకుండా బిగించవచ్చంటున్నారు. అలా బిగించాలంటే బూస్ట్ తక్కువలో ఆపాలి. నీ ఇంజిన్ లోపలి భాగాలు మార్చకపోతే 6, 7 పీఎస్ఐ దాటనివ్వవద్దు. ఆ అంకె జాబ్ కార్డులో (షాపు రాసిచ్చే పని చీటీలో) రాయించు. సరిగ్గా చేస్తే 60 నుంచి 65 హార్స్‌పవర్ ఆశించవచ్చు. ‘వంద చేసి ఇస్తాం’ అన్న షాపుకు నీ ఇంజిన్ గురించి తెలియదని అర్థం.

ఎండ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మన వైపు బళ్లు దెబ్బతినేది దాని వల్లే. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. డిసెంబరులో హైదరాబాద్‌లో 20 డిగ్రీల గాలిని 7 పీఎస్ఐకి ఒత్తితే టర్బో నుంచి బయటికి వచ్చేటప్పటికి సుమారు 70 డిగ్రీలు దాటుతుంది. అదే గాలి మే నెలలో నల్లగొండలో 42 డిగ్రీల దగ్గర మొదలైతే దాదాపు 100 డిగ్రీలవుతుంది. మధ్యలో చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేకపోతే ఆ వేడి గాలి తిన్నగా సిలిండర్‌లోకి పోతుంది. నీది నీళ్లతో చల్లబడే ఇంజిన్ కూడా కాదు, గాలి, ఆయిలే ఆధారం. అంత వేడిలో ప్లగ్ వెలిగించిన మంట పాకుతుండగానే, మిగిలిన మిశ్రమం మూలల్లో తనంతట తాను పేలుతుంది. నాకింగ్ అనేది దీన్నే. బూస్ట్ కింద నాకింగ్ వస్తే హెల్మెట్‌లో వినిపించదు. వినిపించేటప్పటికి రింగుల మధ్య భాగం విరిగి ఉంటుంది.

చలికాలంలో ట్యూన్ చేయించుకున్న ఒక బండి హాలియా దాటి సాగర్ రోడ్డులో ఏప్రిల్ నెల మధ్యాహ్నం ఆగిపోతే నా దగ్గరికి ఆటో ట్రాలీలో వచ్చింది. విప్పితే ఎడమ పిస్టన్ అంచు ఎలుక కొరికినట్టు ఉంది. మ్యాప్ (ఈసీయూలో ఉండే పెట్రోలు, టైమింగ్ లెక్కల పట్టికలు) చూశాం. పెట్రోలు లెక్క బాగానే ఉంది. గాలి వేడిని బట్టి టైమింగ్ వెనక్కి తీసే పట్టిక మాత్రం మొత్తం సున్నాలు. ట్యూన్ చేసినాయన దాన్ని తెరవనే లేదు. పైగా ట్యూనింగ్ రోజు 100 ఆక్టేన్ (ఈ అంకె పెరిగేకొద్దీ నాకింగ్‌ను ఎక్కువ తట్టుకుంటుంది) పెట్రోలు పోశారు, తర్వాత ఈ కుర్రాడు ఊళ్లో బంకులో మామూలు పెట్రోలు పోయించుకున్నాడు. రెండు తప్పులూ కలిశాయి.

అందుకే నువ్వు రోజూ పోయించుకునే బంకు పెట్రోలుతోనే ట్యూన్ చేయమను.  100 ఆక్టేన్ ఎంపిక చేసిన నగరాల్లోనే అమ్ముతారు, దేవరకొండలోనో మిర్యాలగూడలోనో దొరుకుతుందని నమ్ముకోవద్దు. ఇప్పుడు మన బంకుల్లో ఉన్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20. ఇథనాల్ నాకింగ్‌ను కొంత అడ్డుకుంటుంది, అది మంచిదే. కానీ స్వచ్ఛమైన పెట్రోలుకు గాలి నిష్పత్తి (ఒక వంతు ఇంధనానికి ఎన్ని వంతుల గాలి) 14.7 అయితే ఇ20కి అది సుమారు 13.5. అంటే అంతే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. పాత పెట్రోలు లెక్కతో ఇచ్చిన మ్యాప్ ఇ20 మీద పలచగా (ఇంధనం తక్కువై) నడుస్తుంది. షాపువాళ్లు ‘నిష్పత్తి 12 పెట్టాం’ అంటే నువ్వు ‘లాంబ్డా ఎంత?’ అని అడుగు. ఆ ఇంధనానికి సరిపడే గాలితో పోలిస్తే ఎంత గాలి ఉందో చెప్పే అంకె అది, 1 కంటే తక్కువైతే ఇంధనం ఎక్కువని. ఫుల్ బూస్ట్‌లో 0.78 నుంచి 0.82 మధ్య ఉంటే ఇంధనం ఏదైనా మిశ్రమం విషయంలో నువ్వు సురక్షితంగా ఉన్నట్టే. ఈ అంకె ఎగ్జాస్ట్‌లో పెట్టే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్‌తోనే తెలుస్తుంది. బండికి కంపెనీ ఇచ్చిన మామూలు ఆక్సిజన్ సెన్సర్ 14.7 దగ్గర తప్ప ఇంకెక్కడా నమ్మదగ్గ రీడింగు ఇవ్వదు. వైడ్‌బ్యాండ్ లేని షాపు ట్యూనింగ్ చేయలేదు, ఊహించగలదు అంతే.

బిగింపులో నేను చూసే చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది టర్బో నుంచి ఆయిల్ వెనక్కి వచ్చే దారి. టర్బో బేరింగ్‌కు ఆయిల్ ఒత్తిడితో వెళ్తుంది, తిరిగి మాత్రం తన బరువుతో కిందికి జారాలి. నీ బండికి టర్బోను ముందు వైపు, బెండ్ పైపుల కింద పెడతారు. అక్కడ అది ఇంజిన్ కింది భాగంతో దాదాపు సమానమైన ఎత్తులో ఉంటుంది. ఆయిల్ జారడానికి వాలు ఉండదు. అప్పుడు ఆయిల్‌ను లాగే వేరే పంపు కావాలి. చాలా కిట్లలో అది రాదు. రాకపోతే ఆయిల్ టర్బోలోనే నిలిచి, సీళ్ల గుండా ఎగ్జాస్ట్‌లోకి చేరి నీలం పొగ వస్తుంది. ‘కొత్తదానికి కొన్నాళ్లు పొగ మామూలే’ అని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

రెండోది వేస్ట్‌గేట్‌కు (ఎగ్జాస్ట్‌ను టర్బో పక్కగా వదిలే తలుపుకు) వెళ్లే సన్న గొట్టం. బూస్ట్ హద్దు దాటకుండా ఆపేది అదే. సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఒక బండిలో ఆ గొట్టాన్ని క్లాంపు లేకుండా ఎగ్జాస్ట్‌కు ఆనించి వదిలేశారు. అది కరిగి ఊడింది, వేస్ట్‌గేట్ తెరుచుకోలేదు, బూస్ట్ ఎంత వరకు పోయిందో చూసే మీటరు కూడా లేదు. హెడ్ గ్యాస్కెట్ ఎగిరిపోయింది. మంచి సిలికాన్ గొట్టం, రెండు క్లాంపుల ఖర్చు ఎంతో నీకూ తెలుసు. ఆ ఇంజిన్ మళ్లీ నిలబెట్టడానికి అతనికి కొత్త పిస్టన్లు, హెడ్ పని, బోరింగ్ అన్నీ అయ్యాయి. బూస్ట్ హద్దు దాటితే పెట్రోలో నిప్పో ఆపేసే ఏర్పాటు ఈసీయూలో పెట్టించుకోవడం తప్పనిసరి.

ప్లగ్‌లు కంపెనీవాటికంటే ఒకటి రెండు మెట్లు చల్లగా ఉండే రకం కావాలి, సందు కూడా తగ్గించాలి. క్లచ్ జారితే గట్టి స్ప్రింగులు వేయాలి. ఎయిర్ ఫిల్టర్ లేకుండా టర్బో మూతిని ఖాళీగా వదిలే అలవాటు కొందరికి ఉంది, ఫొటోలో బాగుంటుందని. మన క్వారీ దుమ్ములో ఆ చక్రం రెక్కలు ఎక్కువ కాలం ఉండవు.

ఇప్పుడు డబ్బు సంగతి. 85 వేలు ఎక్కువా తక్కువా అని అడిగావు. డైనో (చక్రం రోలరు మీద తిరుగుతుండగా శక్తి కొలిచే యంత్రం) మీద నిలకడైన లోడు పెట్టి గంటల తరబడి ట్యూన్ చేసే షాపైతే ఎక్కువ కాదు. బిగించి, ఇంటర్నెట్‌లో దొరికిన మ్యాప్ ఎక్కించి, సర్వీసు రోడ్డు మీద రెండు రౌండ్లు కొట్టే షాపైతే చాలా ఎక్కువ. అందుకే విడగొట్టమంటున్నాను. నేనైతే ఇలా కడతాను.

మొదట పరీక్షకు మాత్రమే. టర్బో ముట్టుకోకముందు రెండు సిలిండర్ల కంప్రెషన్, లీక్‌డౌన్ (గాలి ఎంత కారిపోతోందో) చూసి, అంకెలు కాగితం మీద రాసి ఇవ్వాలి. దీనికి అయ్యేది కొద్ది మొత్తమే, విలువ మాత్రం చాలా పెద్దది. వనపర్తి నుంచి ఒకతను ఇలాగే కిట్టు కొనుక్కొని షాపుకు వెళ్తే, పరీక్షలో ఒక సిలిండర్ బాగా తక్కువ చూపించింది. వాల్వు సరిగ్గా కూర్చోవడం లేదు. ఆ షాపు పని అక్కడే ఆపి, ముందు హెడ్ చేయించుకురమ్మని పంపింది. అలాంటి షాపు దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అక్కడే చేయించుకో.

తర్వాత బిగింపు డబ్బులో సగం పని మొదలుపెట్టేటప్పుడు, మిగతా సగం ఇంజిన్ బాగా వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కి, ఎక్కడా ఆయిల్ కారడం లేదని నువ్వు కళ్లారా చూశాక. ట్యూనింగ్ డబ్బు ఆఖరున, మూడు వస్తువులు తీసుకుని: లాంబ్డా, బూస్ట్, ఇన్‌టేక్ వేడి కలిపి నమోదైన లాగ్ ఫైలు, డైనో గ్రాఫు, పాస్‌వర్డ్ లేని మ్యాప్ ఫైలు. మ్యాప్‌కు తాళం వేసి ఇస్తే రేపు చిన్న మార్పు కావాలన్నా ఆ షాపు గడపే తొక్కాలి. ఆ షాపు మూతపడితే బండి ఇంక కదలదు. మొత్తంలో పదో వంతు 500 కిలోమీటర్ల తర్వాత ఇస్తానని ముందే మాట్లాడుకో. ఒప్పుకునే షాపులు ఉన్నాయి.

డైనో మీద ఇంజిన్ పోతే ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు. నువ్వు పడవద్దు, జవాబు రాతలో తీసుకో. మొదట చేసిన కంప్రెషన్ పరీక్ష ఇక్కడ పనికొస్తుంది. ఇంజిన్ ఆరోగ్యంగా ఉందని షాపే రాసి ఇచ్చిన తర్వాత, మిశ్రమం పలచబడో, ఆయిల్ లైను ఊడో ఇంజిన్ పోతే అది షాపు బాధ్యతే. పాత లోపం ఉందని ముందే చెప్పినా నువ్వు చేయమంటే అది నీ బాధ్యత. నా దగ్గర నేను ఇదే రాసిస్తాను.

బిల్లు లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. షాపు హైదరాబాద్‌లో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నువ్వు నివసించే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. రెండేళ్ల లోపు చేయాలి. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కానీ చేతిలో బిల్లు, జాబ్ కార్డు ఉంటేనే మాట నిలుస్తుంది. ఫోనులో డబ్బు పంపిన స్క్రీన్‌షాటు ఒక్కటే ఉంటే ఏ పనికి పంపావో నిరూపించడం కష్టం.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషన్‌లో ఉన్నవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. దానికంటే నన్ను భయపెట్టేది బీమా. నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద ప్రమాదం జరిగి, సర్వేయర్ వచ్చి టర్బో చూస్తే, నీ సొంత నష్టం క్లెయిము తిరస్కరించడానికి ఆ ఒక్క కారణం చూపించవచ్చు. ఎదుటివాళ్లకు గాయాలైతే గొడవ ఇంకా పెద్దదవుతుంది. అందుకే నేను రోడ్డు మీద తిరిగే బండికి టర్బో పని ఒప్పుకోను. చెన్నై, కోయంబత్తూరు ట్రాకుల్లో తిప్పడానికి, వాహనంలో ఎక్కించి తీసుకెళ్లే బండికే చేస్తాను. నువ్వు కూడా అలాగే అనుకుంటున్నావేమో నీ ప్రశ్నలో రాయలేదు. రోజూ కాలేజీకో ఆఫీసుకో వెళ్లే బండి ఇదే అయితే, కిట్టు పెట్టె విప్పకుండానే తిరిగి అమ్మేయమని నా సలహా.

వారంలో ఇస్తామన్న మాటకు వస్తే, బిగింపుకు వారం సరిపోవచ్చు. ట్యూనింగ్‌కు తొందర పనికిరాదు. తక్కువ బూస్ట్‌తో మొదలుపెట్టి, లాగ్ చూసి, ప్లగ్‌లు తీసి రంగు చూసి, ఇంజిన్ చల్లారనిచ్చి, మళ్లీ ఒక మెట్టు ఎక్కాలి. ‘తొందర లేదు, రెండు వారాలు తీసుకోండి, కానీ లాగ్‌లు ఇవ్వండి’ అని నువ్వే చెప్పు. సంతోషంగా సరేనంటే పని తెలిసినవాళ్లే.

కిట్టుతో వచ్చిన టర్బో పక్కన చిన్న రేకు మీద మోడల్ నంబరు ఉంటుంది. దాని ఫొటో, ఆయిల్ వెనక్కి పోయే పైపు ఫొటో ఇక్కడ పెట్టు. ఆ టర్బో 648 సీసీకి సరిపడే సైజేనా, ఆయిల్ పంపు వేరే కొనాలా అన్నది చూసి చెబుతాను. అది తేలేవరకు షాపుకు అడ్వాన్సు ఇవ్వవద్దు.